రెక్కల బోర్డు, దీపాల బోర్డు

టెలిఫోన్ల శాఖలో జూనియర్ ఇంజినీరుగా నేను నరసరావుపేటకు బదిలీ అయి వచ్చింది 1987 వేసవిలో. చేరిన నెలలోపే మా సబ్‌డివిజన్ పెద్ద, ఎస్.డి.ఓ. గారు, నాకొక పని అప్పగించారు. వినుకొండ రోడ్డులోని ఒక నూలుమిల్లులో పాత పి.బి.ఎక్స్. బోర్డు తీసేసి కొత్త ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టాలి. పి.బి.ఎక్స్. అంటే ఒక సంస్థ లోపలి ఫోన్లన్నీ వచ్చి కలిసే చోటు. దాని ముందు ఆపరేటరు కూర్చుని, ఎవరికి ఎవరు కావాలో కలుపుతుంటాడు.

ఆ మిల్లు ఆపరేటరు మస్తాన్ వలి. మాచర్ల మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. పుట్టుకతోనే చూపు లేదు. పాత బోర్డు మీద పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. దాని మీద లైనుకొక ఇత్తడి రెక్క ఉండేది. ఎవరైనా ఫోను హ్యాండిలు తిప్పితే వాళ్ల రెక్క టక్కున పడేది. చూపున్నవాళ్లు పడిన రెక్కను చూసి ప్లగ్గు పెడతారు, మస్తాన్ వలి చప్పుడు విని పెట్టేవాడు. బాయిలరు రెక్కది బొంగురు గొంతనీ, స్టోర్సుది నీరసంగా పడుతుందనీ, మేనేజరు గారిది పడటంలో కూడా కోపమేననీ నాకు వివరించాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు. కొత్త బోర్డును మిల్లంతా వచ్చి చూసిపోయింది. ఎర్రటి చిన్న దీపాలు, నొక్కే బొత్తాలు, అంకెలు కనిపించే అద్దపు గడి. ఏ లైను పిలిచినా ఒకటే కూత. ఎవరు పిలిచారన్నది దీపం చెబుతుంది. నేను గర్వంగా పక్కన నిలబడి అందరికీ చూపించాను. కూర్చోవలసిన మనిషికి ఆ దీపం ఎలా కనబడుతుందన్న ఆలోచన నాకూ రాలేదు, ఆర్డరు పెట్టిన మేనేజరు సుబ్బారావు గారికీ రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఆలోచన వచ్చింది. కూత వినబడగానే మస్తాన్ వలి మొదటి బొత్తం నుంచి వరసగా నొక్కుకుంటూ పోయేవాడు. పిలిచినవాడు దొరికేలోపు, అప్పటికే మాట్లాడుకుంటున్నవాళ్ల మధ్యలో దూరి, ఎవరండీ పిలిచింది అని అడగాల్సి వచ్చేది. మేనేజరు గారు ఒక పత్తి వ్యాపారితో బేరం ఖాయం చేసుకోబోతుండగా మూడుసార్లు అలా అడిగాడు. మీరెంతమందో ముందు తేల్చుకుని తర్వాత ఫోను చెయ్యండని ఆ వ్యాపారి పెట్టేశాడట.

సుబ్బారావు గారు నన్ను పిలిపించారు. సోమవారం యాక్సెప్టెన్స్ టెస్టులో మస్తాన్ వలి నెగ్గకపోతే కళ్లున్న మనిషిని పెట్టుకుంటామన్నారు. ఈయన్ని గోడౌనులో గోనెసంచులు మడతపెట్టడానికి పంపుతారట. టెస్టు మా శాఖ తంతు. మా లైన్‌మన్ ఒక్కో ఫోను నుంచీ పిలుస్తాడు, ఎస్.డి.ఓ. గారు బోర్డు దగ్గర నిలబడి చూస్తారు. ఫారంలో 'ఆపరేటరు వెలిగిన దీపాన్ని గుర్తించి జవాబిచ్చెను' అని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద ఆయన సంతకం పడితేనే బోర్డు అప్పగించినట్టు.

ఆ మనిషి పదకొండేళ్ల కుర్చీ నా చేతుల మీదుగా పోతోందని నాకు బాధేసింది. ఆదివారం పొద్దున్నే వెళ్లి, ఎవరినీ ఏమీ అడక్కుండా, గట్టిపడే జిగురుతో బొత్తాల మీద చుక్కలు పెట్టాను. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా పన్నెండు బొత్తాలకు డెబ్భై ఎనిమిది చుక్కలు. పన్నెండోదాన్ని చూస్తే దానికి అమ్మవారు పోసినట్టుంది.

మస్తాన్ వలి వాటి మీద వేలు పోనిచ్చాడు.

"ఏ బొత్తం యాడుందో నా వేళ్లకు మొదటి రోజే తెలిసింది సారూ. ఏది ఎలిగిందో తెలవాల. ఇయ్యేమో చానా గుచ్చుకుంటన్నాయి."

నాకు సిగ్గేసింది. ఆయన కోసం అంత హైరాన పడ్డానే గాని, ఆయన్ని ఒక్క మాట అడగలేదు. మరేం చేయమంటారని అప్పుడు అడిగాను. పాత బోర్డు ఏమైందన్నాడు. 'పనికిరానిది' అని చీటీ కట్టి, గుంటూరు స్టోర్సుకు పంపడానికి మా ఆఫీసు వసారాలో పెట్టామన్నాను.

"దాని రెక్కలు దీనికి తగిలిచ్చండి. ఎలిగేది మీరు చూసుకోండి, చప్పుడు సంగతి నేను చూసుకుంటా."

ఇందులో రెండు చిక్కులున్నాయి. దీపానికి వచ్చే కరెంటుకు రెక్కను కదిపే శక్తి లేదు. మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే మీట, పెట్టాలి. అది సులువు. పనికిరాదని రాసిన సరుకును మళ్లీ వాడటం, కొత్త బోర్డులో చెయ్యి పెట్టడం, రెండూ నిబంధనలకు విరుద్ధం. అది కష్టం. రెక్కల పట్టీని రిజిస్టరులో 'పరీక్ష సామగ్రి, తాత్కాలికం' అని రాసి సంతకం పెట్టి, సైకిలు వెనక కట్టుకుపోయాను. సోమవారం మధ్యాహ్నానికి రెక్కలు పడటం మొదలైంది.

ఎస్.డి.ఓ. గారు నాలుగింటికి వచ్చారు. ఆ గది కిటికీ పడమటి వైపు. పల్నాడు ఎండ సరాసరి బోర్డు మీద పడుతుంటే, ఏ దీపం వెలిగిందో కళ్లున్న ఒక్కరికీ తెలియలేదు. ఆయన వంగి చూశారు, ఫైలు అడ్డం పెట్టి చూశారు, చివరికి సుబ్బారావు గారి గొడుగు తెప్పించి విప్పించారు. ఇద్దరు పెద్దమనుషులూ ఒకే గొడుగు కింద దూరి దీపం కోసం వెతుకుతుండగానే టక్కున రెక్క పడింది, మస్తాన్ వలి స్టోర్సుకు జవాబు చెప్పేశాడు. పన్నెండు లైన్లూ అలాగే అయిపోయాయి.

ఎస్.డి.ఓ. గారు నిక్కచ్చి మనిషి. చూడనిది రాయరు. వెలిగిన దీపాన్ని గుర్తించావా అని గొడుగు కింద నుంచే అడిగారు.

"పిలిచినోడెవరో నాకు తెలుసు సారూ, మాట్టాడా. దీపం ఎలిగిందో లేదో మీరే చూసి చెప్పాల."

ఆయన ఫారంలో ఆ వాక్యం మళ్లీ చదివారు. తర్వాత 'వెలిగిన దీపాన్ని' అన్నది కొట్టేసి, పైన 'పిలిచిన లైనును' అని రాసి, సంతకం చేశారు. సుబ్బారావు గారు గొడుగు మడుచుకుని వెళ్లిపోయారు. గోడౌను మాట మళ్లీ ఎత్తలేదు.

రెండు నెలలకు నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా బోర్డులో మార్పులు చేసినందుకు సంజాయిషీ ఇమ్మని. ఎస్.డి.ఓ. గారు దిద్దిన ఫారం నకలు జతచేసి పంపాను. మళ్లీ ఏ కబురూ రాలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, కొత్త బోర్డు ఎక్కడ పెట్టినా, పెట్టె మేకులు ఊడదీయక ముందే కూర్చోబోయే మనిషిని పిలిచి, మీ పని మీరెలా చేస్తారని అడిగేవాణ్ని. పది నిమిషాలు పట్టేది. మస్తాన్ వలి పనికి పదకొండేళ్లపాటు చూపు లేకపోవడం అడ్డం కాలేదు. ఆ అడ్డాన్ని మేమే గుంటూరు నుంచి లారీలో తెచ్చి, ఆయన ముందు బిగించాం.