మా అవ్వ రంగు

నా చిన్నప్పుడు, అలియాబాద్‌లో మా పక్కింటి అక్క ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే బొమ్మలు వేసేది. పొయ్యిలోని బొగ్గుతో మొదలుపెట్టి, పట్నం నుంచి అక్రిలిక్ రంగులు తెప్పించుకునే దాకా వచ్చింది. వాళ్ల బాపుకు అది పనికిరాని పని. చివరికి ఒక మాట అన్నాడు. “పక్కింటి అవ్వను ఎయ్యి. ఆదివారం చర్చి నుంచి వచ్చేటోళ్లు గుర్తువడితే నీ ఇష్టం. లేకుంటే రంగులు బంద్, కుట్టుమిషన్ ముంగట కూసో.”

ఆ అవ్వ మా అవ్వే. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే అక్క ముందు బొగ్గుతో గీసింది. ముక్కు, ముడతలు, సాగిన చెవి తమ్మెలు, అన్నీ అచ్చం దిగాయి. ఆ తర్వాత రంగులకు మసి అంటకుండా గుడ్డతో బొగ్గంతా దులిపి, పైన రంగులు వేసింది. మా అవ్వ మంచి నలుపు. పెద్దామెను నల్లగా చూపిస్తే మర్యాద కాదని అక్క తెల్ల రంగు దండిగా కలిపింది. మా దిక్కు పెళ్లి మాటల్లోనూ నల్లపిల్లను ఎర్రగుంటదనే చెప్పేవారు. నేనూ అవ్వ రంగే కాబట్టి ఆ తెల్లటి బొమ్మ నాకు మరీ నచ్చింది.

ఆదివారం ఆడవాళ్లు వచ్చి చూశారు. “ఎవలే గీమె? మీ మేనత్తనా?” అంది ఒకామె. “పట్నపామె లెక్కుంది,” అంది ఇంకొకామె. వాళ్ల బాపు రంగుల డబ్బా తీసుకున్నాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా అవ్వ వచ్చి బొమ్మను చూసి పకపకా నవ్వింది. “ఏందే పిల్లా, నా మొఖానికి సున్నం గొట్టినవ్? నా నలుపుకు నాకు లేని సిగ్గు నీకెందుకే?” అంది. వాళ్ల బాపు వైపు తిరిగి, “జర ఆగు కొడుకా, పిల్ల మర్యాదకు వోయి ఆగమైంది,” అని డబ్బా తీసి అక్క చేతికిచ్చి, బొమ్మ పక్కనే కూర్చుంది.

ఆరిన అక్రిలిక్ కడిగితే పోదు. మళ్లీ పైన వేయాల్సిందే. అక్క కాసేపు అవ్వ మొహం వంక చూసి, అంతదాకా రంగులకు తగలనివ్వని బొగ్గునే పొడి చేసి మట్టిరంగులో కలిపింది. చెంపలు, నుదురు, గడ్డం ఒక్కొక్కటే అవ్వవి అవుతూ వచ్చాయి. “ఇగో, ఇప్పుడు అచ్చం అవ్వ లెక్కనే తిట్టేటట్టున్నది!” అని మొదట అడిగిన ఆమే నవ్వింది. వాళ్ల బాపు మాత్రం, “కుట్టుమిషన్ మీ చెల్లె నేర్చుకుంటది తియ్యి,” అని లోపలికి వెళ్లాడు.

ఇప్పుడు మా మనవరాలు ఫోటో తీసి, ఫోన్‌లో నా మొహం తెల్లగా చేయబోతే వద్దంటాను. రేపు చూసినవాళ్లకు అది నేనే అని తెలియాలి కదా.