మామకు కొట్టబోయి మామాకు కొట్టాను

నా కాపురాన్ని ఒక దీర్ఘం ముంచిందంటే మీరు నమ్మరు. అక్షరం పక్కన వంకీలా నిలబడుతుందే, చిన్నప్పుడు బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకుంటామే, అదే దీర్ఘం. ఎలా ముంచిందో చెబుతాను, నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను. నడుమ ఎక్కడైనా గొంతు జీరబోతే మాత్రం వినీ విననట్టు వదిలేయండి.

నా పేరు అంజనమ్మ. మాది రాయచోటి పక్కన ఒక పల్లె. కువైట్‌లో, జాబ్రియాలో ఒక పెద్దావిడ ఇంట్లో పని చేస్తాను. ఇక్కడ ఇంటావిడను పనివాళ్ళందరూ ‘మామా’ అని పిలుస్తారు. ఫిలిప్పీన్స్ పిల్లయినా, శ్రీలంక పిల్లయినా, రాయచోటి అంజనమ్మ అయినా సరే, జీతమిచ్చే ఆడమనిషి మామానే. ఇక మా సీమలో మామ అంటే ఎవరో మీకు చెప్పాలా? కట్టుకున్నవాడు. పేరు పెట్టి పిలిస్తే నోరు పుచ్చిపోతుందన్నట్టు పెంచారు మమ్మల్ని. నా మొగుడి పేరు రెడ్డెప్ప అని పెళ్ళి కార్డులో చదివాను గానీ నోటితో ఎప్పుడూ అనలేదు.

మామ కూడా కువైట్‌లోనే ఉండేవాడు. బ్నీద్ అల్ గార్‌లో ఒక గదిలో మరో ఆరుగురితో కలిసి ఉంటూ, కట్టడాల కంపెనీలో పని చేసేవాడు. ఈ సంగతి మా మామాకు తెలియదు. నన్ను పనిలో పెట్టించిన ఆఫీసులో ముందే చెవిలో వేశారు: “మొగుడు ఈ దేశంలోనే ఉన్నాడంటే ఎవురూ పెట్టుకోరు. ఊర్లో ఉండాడని చెప్పు.” చెప్పాను. అప్పట్నుంచి శుక్రవారం సెలవు దొరికితే, బట్టలు కొనుక్కోవడానికని చెప్పి మామ దగ్గరికి పోయేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్క బట్టయినా కొని తెచ్చావా అని ఆమె అడగలేదు, అదృష్టం.

ఫోనులో ఇద్దరి నంబర్లూ తెలుగులోనే రాసుకున్నాను. ఒకటి ‘మామ’, ఇంకొకటి ‘మామా’. ఎంత తెలివో చూడండి! ఒకదాని కింద ఒకటి కవలల్లా కూర్చున్నాయి.

ముందు మా మామా కూరగాయలకని నోట్లు చేతికిచ్చేది. మిగిలిన చిల్లర తెచ్చి ఆమె ముందు పోసేదాన్ని. తర్వాత ఆమె కొడుకు వచ్చి, ఇంకా నోట్లేంటి, అంతా ఫోనులోనే అన్నాడు. నా జీతం బ్యాంకులో పడేటట్టు చేశాడు, ఫోను నంబరు నొక్కితే డబ్బు ఎలా పోతుందో నేర్పించాడు. అప్పట్నుంచి మామా నాకు ఫోనులో డబ్బు కొట్టడం, మిగిలింది నేను మామాకు కొట్టడం. ఇంత పెద్ద విద్య వచ్చాక నా పొగరు మీరు చూడాల్సింది. నోట్లు లెక్కపెట్టుకునే వాళ్ళను చూస్తే జాలేసేది నాకు.

అట్లాంటి రోజుల్లో మామ కంపెనీ మూతపడింది. ఇక్కడ ఉండడానికి ఇచ్చే కార్డును ఇఖామా అంటారు. ఆయన ఇఖామా గడువు ఆ వారంతో అయిపోతుంది. అది పోతే రోడ్డు మీద కనబడగానే పట్టుకుని పంపించేస్తారు. ఊర్లో మా ఇద్దరు పిల్లలు హాస్టల్లో చదువుతున్నారు, ఇల్లు సగం గోడల్లో నిలబడి ఉంది. ఎట్లాగో ఒక లాండ్రీ యజమాని ఈయన్ని తన పేరు మీద రాయించుకోవడానికి ఒప్పుకున్నాడు. కాగితాలు తిప్పే మనిషి మాత్రం గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల మూడు వందల యాభై దినార్లు చేతిలో పెట్టమన్నాడు. ఆ డబ్బు నా దగ్గర ఉంది. నోట్లుగా కాదు, ఫోనులో.

గురువారం పొద్దున వంటింట్లో కోడిని కడుగుతుంటే ఆయన ఫోను.

“మే, దుడ్లు తీసిపెట్టినావా? ఆయప్ప కాడ నా మాదిరి ఇంకో ఇద్దరు నిలబడుండారు. ఒక్కనికే చోటంట. నేను బస్సెక్కి వొస్తా, గేటు కాడ చేతికిచ్చెయ్.”

“నువ్వు బస్సెక్కి వొచ్చేది, నేను దుడ్ల మిషను కాడికి పొయ్యి తీసుకొచ్చేది, మామా కిటికీలో నుంచి చూసి ‘ఎవురు వాడు’ అనేది. ఇదంతా ఎందుకు మామా? ఫోన్లో కొడ్తా. నిమిషం పని.”

“నాకు ఆ ఫోను దుడ్లంటే గుండె దడ మే. కంటికి కనపడవు. చేతిలో నోటుంటే ధైర్యం.”

“ఈ కాలంలో ఇంకా నోట్లేంది? నువ్వు గమ్మునుండు. మిషను కాడ చేయి పెట్టుకోని నిలబడు, వొచ్చి పడతాయి.”

కోడి నీళ్ళు కొంగుకు తుడుచుకుని, తడి వేలితోనే ఫోను తెరిచాను. మామ అని నొక్కాను. నొక్కాననే అనుకున్నాను. అరబ్బీలో ఏదో పేరు కనబడింది. అరబ్బీ గడగడా మాట్లాడతాను గానీ అక్షరం ముక్క చదవలేను. ఎవరి పేరు వస్తుంది, మా ఆయన పేరే అరబ్బీలో రాసి ఉంటారనుకున్నాను! సరే అని కొట్టాను. పచ్చగా టిక్కు పడింది. నా తెలివికి నేనే మురిసిపోయి కోడిని పొయ్యి మీద పెట్టాను.

కాసేపటికి ఆయన మళ్ళీ చేశాడు. “రాలేదే!”

“వొస్తాయిలే. దుడ్లు గూడా బస్సులోనే వొస్తాంటాయి.”

నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అంతలో హాల్లోంచి పిలుపు. “అంజూ! ఇలా రా!”

మామా సోఫాలో కూర్చుని ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. ఆమె అరబ్బీని మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

“నాకెందుకు పంపావు ఇంత డబ్బు?”

నా తడి వేలు ఎవరి మీద పడిందో అప్పుడు తెలిసింది. మొగుడని చెబితే ఇన్నేళ్ళ అబద్ధం బయటపడుతుంది. అందుకని మహా తెలివిగా, అబద్ధం కాకుండా, నిజమూ కాకుండా ఒక మాట అన్నాను. ఇంకోటి గుర్తుంచుకోండి, నా అరబ్బీలో ఆడా మగా తేడా ఉండదు. ఆమె చెవిలో మామకూ మామాకూ తేడా లేదు.

“తప్పయింది మామా. ఆ డబ్బు మామకు.”

“మామాకే వచ్చింది. నేనేగా మామాని.”

“నీకు కాదు మామా. వేరే మామ.”

ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

“నీకు వేరే మామా ఉందా?”

“ఉంది మామా.”

“ఎక్కడ?”

“బ్నీద్ అల్ గార్‌లో.”

“ఎప్పట్నుంచి?”

“నీకంటే చాలా ముందు నుంచి.”

“అయితే శుక్రవారం నువ్వు పోయేది ఆమె దగ్గరికా? అక్కడ ఏం చేస్తావు?”

“వంట చేస్తా. బట్టలు ఉతుకుతా. గది ఊడుస్తా. కాళ్ళు నొప్పులంటే పిసుకుతా.”

అయ్యో, నా నోరు పడిపోను! చెప్పే మాటలు ఎటు పోతున్నాయో నాకు తెలియలేదు. ఆమె ముఖం ఎర్రబడింది. “నా ఇంట్లో తింటూ, నా కాగితాల మీద ఉంటూ, సెలవు రోజు ఇంకో ఇంట్లో పని చేస్తావా? అది నేరమని తెలియదా? నా కొడుక్కు చెబితే ఈ రాత్రికే విమానం ఎక్కిస్తాడు!”

“వద్దు మామా, జీతానికి చెయ్యను, ఊరికే చేస్తా!”

“ఊరికేనా? ఆమె నీకేమీ ఇవ్వదా?”

“ఇవ్వదు. నేనే ఇస్తా.”

ఆమె నోరు తెరిచింది.

“పనీ నువ్వే చేసి, డబ్బూ నువ్వే ఇస్తావా? తిడుతుందా నిన్ను?”

“అప్పుడప్పుడు.”

“కొడుతుందా?”

“ఒక్కసారే మామా. తాగినప్పుడు.”

“తాగుతుందా!” మామా రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి తలుచుకుంది. మీకు చెప్పకపోవడం ఎందుకు, అది ఎప్పుడో మా ఊర్లో జరిగింది, ఆయన ఒకటి వేస్తే నేను రెండు వేశాను. కానీ అదంతా చెప్పే అరబ్బీ నా దగ్గర లేదు.

కోపం పోయి ఆమెకు నా మీద జాలి పుట్టింది. జాలి పుట్టడమే నా ఖర్మ. కోపంగా ఉంటే డబ్బు ముఖాన కొట్టేదేమో!

“ఆ రాక్షసికి ఒక్క ఫిల్సు దక్కనివ్వను. ఈ డబ్బు నా దగ్గరే భద్రంగా ఉంటుంది. నువ్వు ఊరెళ్ళే రోజు ఇస్తాను. ఖలాస్!” అని, ఫోనును మెత్త కింద పెట్టి దాని మీద కూర్చుంది.

నోట్లయితే ఎలాగోలా మెత్త కింది నుంచి లాగేదాన్ని. ఫోనులో డబ్బు పెట్టుకుని మనిషి దాని మీద కూర్చుంటే ఏం లాగుతారు?

అదే సమయానికి నా చేతిలో ఫోను మోగింది. మామ. “ఆమేనా?” అని లాక్కుంది మామా. లాక్కుని అందుకుంది చూడండి, సిగ్గు లేదా, దేవుడి భయం లేదా, పేదదాన్ని పీల్చుకు తింటావా, ఈ పిల్ల జోలికి వస్తే పోలీసులను పిలుస్తానని. అవతల ఆయనకు ఏం అర్థమయిందో, “మాఫీ మాలూమ్, మామా, మాఫీ మాలూమ్” అని, తనకేమీ తెలియదని అరబ్బీలో గొణిగి పెట్టేశాడు.

మామా ఫోను నా చేతికిచ్చి ముఖం చిట్లించింది. “ఆడమనిషికి అదేం గొంతు? ఒంటె గొంతు!”

ఇంకెప్పుడైనా అయితే కింద పడి దొర్లి నవ్వేదాన్ని. గోడ మీద గడియారం పదకొండున్నర దాటింది. నిజం చెబితే నా పని పోతుంది. చెప్పకపోతే ఆయన పోతాడు. ఆమె ముందు కింద కూర్చుండిపోయాను.

“మామా, అది ఆడమనిషి కాదు. నా మొగుడు. ఇక్కడే ఉన్నాడు. మొదటి రోజు నీకు అబద్ధం చెప్పాను. పన్నెండు లోపల డబ్బు కట్టకపోతే ఆయన్ని పంపించేస్తారు. నీ కాళ్ళు పట్టుకుంటా, పంపించు మామా.”

ఆమె సోఫాలో ముందుకు వంగింది.

“మొగుణ్ణి మామా అని పిలుస్తావా?”

“మా వైపు అట్లే పిలుస్తాం.”

“మరి నన్ను?”

“నిన్నూ మామా అనే కదా.”

అంతే, నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, “కాళ్ళు పిసుకుతావా!” అని మళ్ళీ నవ్వింది. నేను గడియారం చూస్తూ ఏడుస్తున్నాను. చివరికి ఫోను తీసింది. కళ్ళజోడు కనబడలేదు. వెతికి ఇచ్చాను. రహస్య నంబరు మరిచిపోయింది. కొడుక్కు ఫోను చేసి అడిగి, పనిలో పనిగా కథంతా చెప్పి, ఇద్దరూ నవ్వుకుని, అప్పుడు కొట్టింది. నాకు వచ్చిన మరుక్షణం నేను మామకు కొట్టాను. ఈసారి నంబరంతా అంకె అంకె చూసుకున్నాను.

ఆయన ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది.

“వొచ్చినాయి మే. ఆయప్ప తలుపేసుకోని పొయినాడు. నా వెనకాల ఉన్నోడు నోట్లు చేతిలో పెట్టినాడంట. వాని పేరే రాసుకున్నాడు.”

“ఇంకోసారి అడుగు మామా! బతిమాలు!”

“అడిగినాలే. ఖలాస్ అన్నాడు.”

నా పని మాత్రం పోలేదు. నవ్వించిన మనిషిని ఎవరు తీసేస్తారు? ఆ వారమంతా మామా తన అక్కచెల్లెళ్ళకు ఫోన్లు చేసి ఈ కథే చెప్పుకుంది. ప్రతిసారీ నన్ను పిలిచి, “ఏం చేస్తావో చెప్పు అంజూ” అనేది. నేను వంట, బట్టలు, కాళ్ళు అని వరసగా చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వి వంటింట్లోకి పోయేదాన్ని.

ఆయన వెళ్ళే రోజు మామానే నన్ను కారులో విమానాశ్రయానికి తీసుకెళ్ళింది. ఆ ఒంటె గొంతు మామాను కళ్ళారా చూడాలట! ఆయన తాడు కట్టిన పెట్టెతో నిలబడి ఉన్నాడు. మామా ఎగాదిగా చూసి, ఆయన చేతిలో కొంత డబ్బు పెట్టింది. నోట్లే. ఆయన తల వంచి తీసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “పిల్లోళ్ళకు నేను చెప్పుకుంటాలే, నువ్వు బాధ పడొద్దు” అని పెట్టె తోసుకుంటూ లోపలికి నడిచాడు.

తప్పు నాదేనని ఆయనతో అననే లేదని అప్పుడు గుర్తొచ్చింది. పిలవబోయాను. పక్కనే మామా ఉంది. మామా అంటే ఈమె పలుకుతుంది. అందుకని సిగ్గు విడిచి, పెళ్ళయ్యాక మొదటిసారి, “రెడ్డెప్పా!” అని గట్టిగా అరిచాను. ఆయన తిరగలేదు. ఆ గొంతుతో ఆ పేరు ఎన్నడూ వినలేదు కదా, ఇంకెవరినో అనుకున్నాడు. ఇక ఆగలేక, “మామా!” అని అరిచాను.

“ఏంటి అంజూ?” అంది మామా, నా చెయ్యి పట్టుకుని.

ఆమె వైపు చూసి మళ్ళీ తల తిప్పేసరికి ఆయన అద్దాల తలుపు దాటిపోయాడు.

అక్కడే, ఆ అద్దాల ముందు, చెంపలు వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు మామకు పోవాల్సిన డబ్బు మామాకు కొట్టనని. ఒట్టు తప్పే భయం లేదు. డబ్బు కొట్టేటప్పుడు ఫోనులో కువైట్ నంబర్లు మాత్రమే కనబడే ఆ జాబితాలో ఇప్పుడు ఉన్నది ఒక్క మామానే.