పులి మొక్కు

మా ఆయన బొగ్గుబాయిలో పైకప్పు బండ కూలి చిక్కుకుపోయిన రోజు, గేటు బయట నిలబడి నేను పీరుకు మొక్కాను. "ఈయన పానంతోటి బయటికొస్తే గీ ఏడు పీర్ల పండుగకు నీ ముందట ఈయనతోటే పులి ఆడిపిస్త" అని. నా పక్కనే మా పొరుగింటి అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆమె భర్త కూడా అదే బండ కింద ఉన్నాడు.

పొద్దు వాలేసరికి మా ఆయన్ని మోసుకొచ్చారు. ఎడమ కాలు నుజ్జయింది, ప్రాణం ఉంది. వెనకాలే ఆమె భర్తనూ తెచ్చారు. ఆయన మొహం మీద బట్ట కప్పి ఉంది.

పీర్ల పండుగ దగ్గరపడేనాటికి మా ఆయన కర్ర పట్టుకుని గడప దాకా రాగలిగేవాడు, అంతే. పులి వేషమంటే డప్పు దెబ్బకు ఎగరాలి. "వచ్చే ఏడు చూద్దాం తియ్" అన్నాడు. నా మనసు ఒప్పలేదు. మొక్కింది నేను, నేనే ఆడతానన్నాను.

మా అత్త గుండెలు బాదుకుంది. "ఆడిది పులి ఆడుడు ఏడన్న ఉన్నదా? నలుగురు నవ్వరా?"

పీర్ల కొట్టం చూసుకునే సాయిబు తాతను అడిగాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "మొక్కినప్పుడు ఆడిదానివే గద బిడ్డా, తీర్చేటప్పుడు మాత్రం ఎందుకు కావద్దు? నిండుగ బట్ట కట్టుకొని రా" అన్నాడు.

మగవాళ్ళయితే ఒంటికి రంగు పూసుకుంటారు. నేను బట్ట కుట్టుకోవలసి వచ్చింది. పాత దుప్పటిని పసుపు నీళ్ళలో ఉడకేసి ఆరబెట్టాను. చాటలకు పూయడానికి కాగితాలు, మెంతులు కలిపి రుబ్బుతాం కదా, ఆ ముద్దనే బోర్లించిన కుండ మీద పరిచి పులి మొహం చేశాను. మీసాలకు చీపురు పుల్లలు గుచ్చాను. ఇదంతా తలుపేసుకుని చేసేదాన్ని. ఆ అక్క ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ.

ఒక మధ్యాహ్నం గడియ పెట్టడం మరిచాను, ఆమె తలుపు నెట్టుకుని వచ్చింది. నేను దుప్పటి గబగబా ఒళ్ళోకి లాక్కున్నాను.

"దాసకు చెల్లె. గా దినం నేను గూడ గదే మొక్కిన. పులే."

నేను దుప్పటిని మళ్ళీ నేల మీద పరిచాను.

"చారలు ఇంక గియ్యలేదా?" అంటూ కూర్చుంది.

బొగ్గుపొడిలో తుమ్మబంక కలిపి పెట్టుకున్నాను. గుడ్డపేలిక ముంచి ఆమే చారలు దిద్దసాగింది. ఒక్క చార కూడా వంకర పోలేదు. వీపు దగ్గరికొచ్చాక మాత్రం పేలిక పక్కన పెట్టి, ఆ పచ్చి దుప్పటిలోనే మొహం పెట్టుకుని ఏడ్చింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను.

"నేను ఆడనక్కా. పారేస్త దీన్ని."

"ఆడు" అంది, నల్లబడ్డ మొహం తుడుచుకోకుండానే. "నువ్వన్న ఆడకపోతే ఎట్ల?"

పండుగనాడు ఎట్లా ఎగిరానో నాకే తెలియదు. పులి మొహం కంతల్లోంచి పీరు ముందరి నిప్పుల గుండం, జనాల కాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. మొదట్లో నవ్వులు వినపడ్డాయి. తర్వాత డప్పులే వినపడ్డాయి. నలుగురు మంచం మీద మోసుకొచ్చిన మా ఆయన పీరు ముందు చేతులు జోడించాడని మా అత్తే తర్వాత చెప్పింది.

ఆట అయ్యాక సాయిబు తాత నా నుదుట ఊదు బూడిద పెట్టాడు. వెనక నిలబడ్డ అక్కను కూడా పిలిచాడు. "నాకొద్దు తాతా" అని ఆమె ఇంటిదారి పట్టింది. ఆయన బలవంతపెట్టలేదు.

ఎండాకాలంలో ఆమె పిల్లల్ని తీసుకుని హుజూరాబాద్ దిక్కు అన్నగారింటికి పోయింది. బస్సు దాకా సామాను మోసుకెళ్ళాను. ఎన్నాళ్ళుగానో అడగలేకపోయిన మాట అప్పుడు అడిగాను, నా మీద కోపముందా అని.

"పీరు మీద అలిగిన చెల్లె. నీ మీద ఎందుకు?" అంది. పెద్ద పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.