బెల్లం పెనంలో లెక్కల పరీక్షకి

నేను పదో తరగతి పాసవ్వాలని పట్టుపట్టింది ముప్పై తొమ్మిదో ఏట. అప్పటికి మా ఊరి అంగన్‌వాడీలో పదేళ్లుగా ఆయాని. టీచరు పోస్టు ఖాళీ అయింది. పది పాసైతే నాకే ఇస్తామన్నారు, కానీ ఆ ఏడాది లోపలే పాసవ్వాలి. ఓపెన్ స్కూల్లో కట్టాను. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు తప్ప. మిగిలింది ఒక్క అవకాశం. "ముసిల్దానివయ్యేక నీకెక్కాలేటే?" అని వీధిలో నవ్వినవాళ్లకి జవాబు చెప్పే తీరిక నాకు లేదు. కోపం మాత్రం ఉండేది. ఆ కోపంతోనే చదివాను.

పరీక్ష మధ్యాహ్నం, చోడవరంలో. ముందు రోజు కురిసిన వానకి, మా ఊరికీ రోడ్డుకీ మధ్య ఉన్న గెడ్డ పొంగి కల్వర్టు కొట్టుకుపోయింది. వేరే దారి లేదు. మా గెడ్డ మీద పడవన్నది ఎవరూ ఎరగరు. ఏడాదిలో చాలా నెలలు దాన్ని మేకలు కూడా నడిచే దాటుతాయి. మనిషిని మోస్తూ తేలగల వస్తువు మా ఇంట్లో ఒక్కటే ఉంది, చెరకురసం కాచే బెల్లం పెనం. ఇద్దరు కాళ్లు చాపుకుని కూర్చునేంత వెడల్పు, మోకాలి లోతు.

మా అత్తగారు దానికి అడ్డంగా నిలబడ్డారు. బెల్లం వంట మొదలెట్టే రోజున పెనానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టే ఇల్లు మాది.

"మతోయిందేటే నీకు? నలుగురూ తినీ బెల్లం వొండే పెనంలో కాళ్లెడతావా?"

"కడుక్కునే ఎక్కుతానత్తా. నాకింక మళ్లీ పరీచ్చ లేదు."

"ఎల్లొద్దు. సెప్తన్నాను," అనేసి ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకున్నారు. బాధేసింది. అయినా ఆగలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే చూపించాలనుకున్నాను.

మా ఆయన నా పక్షమే. ముందు తనొక్కడే ఎక్కి అంచు మీద కూర్చున్నాడు. పెనం అటు ఒరిగి, కడవ ముంచినట్టు మునిగింది. బయటికి లాగి, నడిమధ్య ఇసకబస్తా వేసి, రెండు పక్కలా ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టాం. ఈసారి తేలింది గానీ గిరగిరా తిరగడం మొదలెట్టింది. గుండ్రటి పడవకి ముందేదో వెనకేదో తెలీదు కదా. పొయ్యి మీంచి దించడానికి పెనం అంచుకి ఎదురెదురుగా రెండు కడియాలుంటాయి. వాటికి చెరో తాడు కట్టి, ఒక తాడు కొసకి రాయి కట్టి, గెడ్డ సన్నబడ్డ చోట మా ఊరి మగాళ్లు అవతలికి విసిరారు. అక్కడి ఆటోవాళ్లు అందుకున్నారు. వాళ్లు లాగుతుంటే ఇవతలివాళ్లు రెండో తాడుని కొంచెం కొంచెంగా వదలాలి. అదీ మా ఇంజనీరింగు.

ఒక రివెట్టు దగ్గర చెమ్మ కనిపిస్తే మా ఆయన సున్నంలో బెల్లం కలిపి మెత్తాడు. పెనం కారితే ఎప్పుడూ చేసే వైద్యమే.

"రసం బయటికి కారని పెనంలోకి నీళ్లెలగొస్తాయే? ఎక్కు," అన్నాడు.

వచ్చాయి. పొయ్యి మీద కాలి గట్టిపడే ఆ మందు చల్లటి నీళ్లలో కరిగిపోయింది, అదీ సరిగ్గా గెడ్డ నడుమ. నాకు ఈత రాదు. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకున్నాను. రివెట్టు మీద మడమ పెట్టి, ఉన్న బరువంతా దాని మీదే వేసి నొక్కాను. అవతలి ఒడ్డు తగిలేదాకా కాలు తియ్యలేదు.

పరీక్ష హాల్లో నా చీర కింద మడుగు కట్టింది. ఇన్విజిలేటరు జాలిపడి నన్ను ఫ్యాను కిందికి మార్చారు. పళ్లు టకటకలాడాయి గానీ పెన్ను ఆపలేదు. నలభై రెండు మార్కులతో పాసయ్యానని తర్వాత తెలిసింది. ఇప్పుడు మా అంగన్‌వాడీలో టీచర్ని నేనే.

ఆ సాయంత్రం మాత్రం ఏమవుతుందో తెలీదు. రివెట్టు పక్క సందులో గుడ్డపీలిక కుక్కి, మళ్లీ పెనంలో కూర్చున్నాను. సగం దూరం వచ్చాక, ఇవతల తాడు లాగుతున్న మగాళ్లందరికీ ముందు మా అత్తగారు కనిపించారు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి లాగుతున్నారు. మధ్యాహ్నం నుంచి అన్నం తినకుండా అక్కడే ఉందని మా ఆయన చెప్పాడు.

ఒడ్డుకి దిగాక నాకు ఏడుపాగలేదు. "నువ్వెల్లొద్దన్నావు కదత్తా," అన్నాను.

"ఎల్లొద్దన్నాను," అన్నారావిడ, నా తడి కొంగు పిండుతూ. "రావొద్దన్నానేటే?"