గట్టమ్మ చేరవేసిన ఆఖరి ఉత్తరం

ఒక రోగి గుండెను పద్దెనిమిది నెలల పాటు ఎవరూ పరీక్షించలేదు. వచ్చిన ప్రతిసారీ "నీకు నయమైంది" అని గడప దగ్గరి నుంచే పంపేశారు. పదకొండు దవాఖాన చీటీల మీద తేదీలున్నాయి. రక్తపోటు అంకె ఒక్కదాని మీదా లేదు.

ఆ రోగి పాలకుర్తి దగ్గరి కూలిమనిషి గట్టమ్మ. తెలంగాణ సాయుధ పోరాటకాలంలో, పదహారేళ్ల వయసులో, కొప్పులో ఉత్తరాలు దాచి దళాలకు చేరవేసిన మనిషి. అప్పటి నియమం ఒక్కటే: ఎవరి చీటీ వారి చేతికే. రజాకార్లు వీపు చీరేసినా ఆమె ఆ నియమం తప్పలేదు.

యాభై మూడో ఏట ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి.

"గడీల తిండి తింటున్నవా ఏందే?" అని పక్కింటి అండాలు ఎకసెక్కమాడేది. దొరల గడీలతో కొట్లాడిన మనిషికి అంతకుమించిన తిట్టు లేదు.

పట్నం దవాఖానలో మూత్రపిండం మీది గ్రంథిలో కణితి ఉందనీ, అది కార్టిసాల్ అనే హార్మోన్‌ను మితిమీరి స్రవించడం వల్లే ఒళ్లిలా మారిందనీ తేల్చి, కోసి తీసేశారు. పంపేటప్పుడు మూసిన కవరొకటి చేతికిచ్చి, "మీ డాక్టరుకివ్వు" అన్నారు. లోపల ఏముందో చెప్పలేదు.

ఊరికి దగ్గరి దవాఖానలో కాంపౌండరు భిక్షపతి చేయి చాచాడు.

"ఇటు తే అవ్వా."

"నువ్వు డాక్టరువా?"

"డాక్టరు రాలే. నయమైంది గద, మల్లెందుకొచ్చినవ్?"

"గట్లయితే ఇయ్య. ఎవలి చీటీ వాళ్లకే."

పదకొండుసార్లు అదే మాట, అదే తిరుగుప్రయాణం. ఈలోగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దడ. పన్నెండోసారి గడప మీదే బైఠాయించింది.

"డాక్టరచ్చెదాంక లేవ. రజాకార్లతోనే కాలే, నీతోని అయితదా బిడ్డా!"

మధ్యాహ్నం కొత్త డాక్టరమ్మ వచ్చింది. కవరు చించి చదివి, గబగబా లేచింది. కణితి పోయినా అది గుండెకు తెచ్చిన ముప్పు వెంటనే పోదనీ, రక్తపోటు, చక్కెర, కొవ్వు ఏళ్ల తరబడి చూస్తుండాలనీ అందులో ఉంది. కొలిస్తే రక్తపోటు నూట తొంభై!

మాత్రలు మొదలయ్యాయి. ఉప్పు తగ్గింది. నెలనెలా కొలత తప్పలేదు. ఏడాదికి అంకె నూట ముప్పైకి దిగింది. ఆ ఎండాకాలమే గట్టమ్మ, ఒకనాడు దళం తలదాచుకున్న గుట్టను ఎక్కడా ఆగకుండా ఎక్కింది. వెనక అండాలు రొప్పుతోంది.

"జర ఆగవే గట్టక్కా!"

"గడీల తిండి ఎవలు తిన్నరే ఇప్పుడు?" అని గుట్ట మీది నుంచి గట్టమ్మ పకపకా నవ్వింది.

గట్టమ్మ గెలిచింది, కానీ ఆమెకున్న మొండితనం లేనివారి మాటేమిటి? వైద్యశాఖ అధికారులారా, "నయమైంది" అని రాసిన ప్రతి కాగితం కింద గుండె పరీక్షల తేదీలు కూడా రాయండి. రాసింది రోగికి అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించండి. ఆ తర్వాతే కవరు మూయండి.