ఎర్ర దీపం కింద ఆకుపచ్చ

విద్యావతి రంగుల చదువంతా తలుపు చాటునే నేర్చుకుంది. నాంపల్లిలో వాళ్ళ కిరాయి ఇంటి ముందుగదిలో, సాయంత్రాలు ఆమె భర్త జనార్దన్ నలుగురైదుగురికి బొమ్మలు వేయడం నేర్పేవాడు. పగలంతా అబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియోలో కూర్చుని ఫోటోలకు చేత్తో రంగులద్దేవాడు. పోయినవాళ్ళ బుగ్గలకు కూడా ప్రాణం తెచ్చే చెయ్యి అని పట్నంలో పేరు. పేరుకేం, బోలెడుంది. వాళ్ళింటి గోడ మీద మాత్రం ఒకటే ఫోటో, దానికి రంగు లేదు. నాలుగేళ్ళ కూతురు విమల, పీట మీద కూర్చుని, బూడిదరంగు పరికిణీలో.

ఆ పరికిణీ ఆకుపచ్చది. నవాబు గద్దెనెక్కి పాతికేళ్ళయిన జూబ్లీ ఉత్సవాలకని విద్యావతే దగ్గరుండి కుట్టించింది. ఫోటో తీయించిన మర్నాడే, దీపాలు చూపిస్తానని జనార్దన్ పిల్లను అబిడ్స్‌కు తీసుకెళ్ళాడు. ఇసకేస్తే రాలనంత జనం. రాత్రికి ఒక్కడే తిరిగొచ్చాడు. అది పందొమ్మిది వందల ముప్ఫై ఏడు. పొద్దున్నే ఠాణాకు పోయి ఆకుపచ్చ పరికిణీ అని విద్యావతే చెప్పింది. పక్కన జనార్దన్ తల వంచుకుని నిలబడ్డాడు. ఫోటోకు రంగెయ్యమని ఆమె ఎప్పుడడిగినా, "వేస్త తీయ్" అని లేచిపోయేవాడు.

పాఠాలు మాత్రం బాగా చెప్పేవాడు. ఎరుపు, పసుపు, నీలం తల్లిరంగులు, మిగిలినవి వాటి కడుపున పుట్టినవే అనేవాడు. పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ. ఆ కలయికలో చోటు దొరకని ఎరుపు దానికి ఎదురు రంగు. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోతాయి, కలిపితే రెండూ బురదవుతాయి. ఎర్రటిదాన్ని రెప్పవేయకుండా చాలాసేపు చూసి తెల్లగోడకేసి తిరిగితే, అక్కడ లేని ఆకుపచ్చ కనబడుతుందని కూడా ఒకరోజు చెప్పాడు. ఎరుపు చూసి చూసి అలిసిన కన్ను చేసే పని అది.

మర్నాటి మధ్యాహ్నం విద్యావతి పెట్టె తెరిచింది. విమల పాత ఎర్ర పరికిణీ నేలమీద పరిచి, కళ్ళు మండేదాకా చూసి తలెత్తింది. సున్నం గోడ మీద చిన్న ఆకుపచ్చ పరికిణీ నిలబడింది. తల లేదు, కాళ్ళు లేవు. ఆమె చూపు ఎటు తిప్పితే అటు వచ్చింది, కాసేపటికి పలచబడి పోయింది. ఆమెకు భయం వేసింది. అయినా ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం అదే పని. పిచ్చి అంటారా, అనండి. బిడ్డ బతికుందో లేదో తెలియని తల్లికి ఆ మాత్రం పిచ్చి లేకపోతేనే నాకు భయం.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక చలికాలపు సాయంత్రం, పాఠానికి వచ్చే రామచందర్ చేతిలో లాంతరుతో వచ్చాడు. అతను నాంపల్లి స్టేషన్‌లో గుమాస్తా. అది గార్డు ఊపే లాంతరు, మీట తిప్పితే ఎర్ర అద్దం ముందుకొస్తుంది. చీకటి పడుతుండగా సరదాకి వెలిగించి, విద్యావతి తలుపు సందులోంచి జరిపిన తమలపాకుల పళ్ళెం మీదికి తిప్పాడు.

"సార్, గీ ఆకు జూడున్రి! ఎర్ర వెలుగు పడంగనే నల్లగైంది. ఏంది గీ మాయ?"

జనార్దన్ మీట తిప్పి ఎర్ర అద్దం పక్కకు జరిపాడు. "మాయ గాదు. రంగు వస్తువుల ఉండదు, వెలుగుల ఉంటది. ఎర్ర వెలుగు కింద ఆకుపచ్చ..." అని ఆగిపోయాడు. "ఇయ్యాల్టికి చాలు. ఇండ్లకు పోన్రి."

తలుపు వెనక విద్యావతికి జూబ్లీ నాటి డప్పు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో జాతరల్లో, ఉత్సవాల్లో పిల్ల తప్పిపోతే డప్పు కొట్టి చాటేవాళ్ళు. బెదిరిపోయిన పిల్ల పేరు పెట్టి పిలిచినా పలకదని, వయసూ బట్టల రంగూ చాటడమే అలవాటు. జూబ్లీ రోజు సాయంత్రం ఆమె అన్నం వారుస్తుంటే వీధిలో డప్పు వినబడింది. నాలుగేండ్ల ఆడపిల్ల, నల్ల పరికిణీ అన్నాడు డప్పాయన. పండగపూట పిల్లకు నల్లబట్ట కట్టిన తల్లి ఎవరమ్మా అని విసుక్కుని, పాపం అనుకుని, ఆమె మళ్ళీ వంటలో పడింది.

పాఠానికొచ్చే మగవాళ్ళ ముందుకు ఎప్పుడూ రాని మనిషి, వాళ్ళింకా చెప్పులు తొడుక్కుంటుండగానే ముందుగదిలోకి వచ్చింది.

"గా దినం డప్పాయనకు మీరేం రంగు చెప్పిన్రు?"

జనార్దన్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "చౌరస్తల అన్నీ ఎర్ర బల్బులే కట్టిన్రు, విద్యా. జనంల చెయ్యి ఇడిసిపోయేటప్పుడు పరికిణీ నా కండ్లకు నల్లగనే కనవడ్డది. గదే చెప్పిన."

"రంగుల పంతులు మీరు!"

"ఠాణాల నువ్వు ఆకుపచ్చ అన్నప్పుడు తెలిసొచ్చింది. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె నీకు?"

ఇన్నేళ్ళూ ఆకుపచ్చ పరికిణీ అంటూ అందరినీ తాను తప్పు మాట అడిగిందని ఆమెకు అర్థమైంది. మర్నాడు కొంగు నిండా కప్పుకుని అబిడ్స్‌కు నడిచింది. జూబ్లీ నాడు నల్ల పరికిణీ పిల్ల కోసం చాటింపు విన్నారా అని ఒక్కొక్క దుకాణంలో అడిగింది. కొందరు జాలిపడ్డారు, కొందరు కసిరారు. గన్‌ఫౌండ్రీ మలుపులో రేగుపండ్లు అమ్మే కిష్టవ్వ తలెత్తి చూసింది. అప్పట్లో పండ్ల కాలానికే పల్లె నుంచి వచ్చి పోయేది, ఈమధ్యే పట్నంలో ఉండిపోయింది.

"ఔ, ఇన్ననమ్మా. మంచిగ గుర్తున్నది. గప్పుడు నా గంప పక్కకు ఇంకో పిల్ల కూసుండె. నా దీపం వెలుగుల జూస్తే ఆకు రంగు పరికిణీ. ఒక్కతీరుగ ఏడుస్తుంటే గిన్ని పండ్లు చేతుల వెట్టిన."

విద్యావతి గంప అంచు పట్టుకుని కూలబడింది. "యాడికి వోయింది?"

"ఏమో తల్లీ. జనం తోసుకొచ్చిన్రు, మల్లి జూస్తే లేదు." కిష్టవ్వ పండ్ల మీద నీళ్ళు చల్లుతూ చెప్పుకుపోయింది. "గంతకు ముందు డప్పు ఇనంగనే, మా నాయిన నాకోసమే కొట్టిస్తున్నడని లేసి ఉరకవోయింది. నేనే రెక్క వట్టి కూసోవెట్టిన. నిన్ను గాదు బిడ్డా, నల్ల పరికిణీ పిల్లను దేవులాడుతున్నరు అని చెప్పిన."