చర్చి కోసం తీసిపెట్టిన బియ్యం

ఇవాళ మేడ్చల్‌లో మందుల షాపుకి వెళ్తే శానిటైజర్ వాసన తగిలి, దూలపల్లిలో మేమున్న అద్దె గది గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో నాలాగే ఆరో తరగతి చదివినవాళ్లకు ఆ వాసన గుర్తుండే ఉంటుంది.

అన్నం వండినప్పుడల్లా అమ్మ చర్చి కోసం గుప్పెడు బియ్యం స్టీలు డబ్బాలో తీసిపెట్టేది. కంపెనీ మూతపడి నాయిన ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఆ బియ్యమంతా వండి, హైవే మీద పిల్లల్ని ఎత్తుకుని సొంతూళ్లకు నడిచిపోతున్నవాళ్లకు పెట్టింది.

"రేపు మనకెట్లనే?" అన్నాడు నాయిన.

"దేవుడు సూస్తడు తియ్యి," అంది అమ్మ.

మరుసటి ఏడు నాయినకు కరోనా వచ్చింది. ఆస్పత్రి ఖర్చుకి అమ్మ తన కమ్మలు, నాగారంలో కిస్తులు కట్టి కొన్న ప్లాటు వచ్చినంతకు అమ్మేసింది. అవీ చాలక అప్పు కోసం ఇల్లిల్లూ తిరిగింది. "దూరముండక్కా, మాకు గూడ పిల్లలున్నరు," అని కిటికీల్లోంచే అన్నారు. నాయిన తిరిగి రాలేదు.

ఇప్పుడు అమ్మ జీతం రాగానే ముందు ఆరోగ్య బీమా కడుతుంది. మిగిలింది బీరువాలో దాస్తుంది. మొన్న పక్కింటామె కూతురికి డెంగీ వచ్చిందని ఏడుస్తూ వచ్చి డబ్బులు అప్పడిగింది.

"నా దగ్గర లేవు చెల్లె," అంది అమ్మ.

ఉన్నాయని నాకు తెలుసు. ఇవ్వమని నేనూ అనలేదు.